ఆర్కిడ్ కొనే ముందు కుండీలోంచి ఎత్తి వేళ్లు చూడండి: పాలమూరు, నల్లగొండ కొనుగోలుదారులకు హెచ్చరిక

గృహప్రవేశానికి కానుకగా ఇవ్వడానికైనా, తమ ఇంటి కిటికీ దగ్గర పెట్టుకోవడానికైనా పూసిన ఆర్కిడ్ మొక్కను కొనాలనుకుంటున్న మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి ప్రాంతాల వారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. మహబూబ్‌నగర్‌లోని ఒక మొక్కల దుకాణంలో నేను కొన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పైకి నిండు ఆరోగ్యంతో ఉన్నట్లే కనిపించింది. వంగిన పూకాడ నిండా ఊదారంగు పూలు, మందపాటి ఆకులు, తెల్లని పింగాణీ కుండీ, మట్టి కనబడకుండా పైన జిగురుతో అతికించిన రంగు గులకరాళ్లు. ఇంటికి వచ్చిన కొద్ది వారాలకే ఆకులు ముడతలు పడి వేలాడాయి, మొగ్గలు విచ్చుకోకుండానే పసుపుబారి రాలిపోయాయి. రాళ్ల పొరను పెకలించి చూస్తే ఆ కుండీకి అడుగున ఒక్క రంధ్రం కూడా లేదు. లోపల మట్టికి బదులు నింపిన, నీళ్లోడుతున్న నాచు ముద్ద, దాని నడుమ గోధుమరంగుకు తిరిగి కుళ్లిన వేళ్లు, ముక్కు మూసుకోవలసినంత వాసన.

ఆ కుళ్లు మా ఇంట్లో మొదలైనది కాదని ఎందుకు అంటున్నానో చెప్పాలి. ఫెలనాప్సిస్ జాతి మొక్కలు ఆగ్నేయాసియా అడవులలో నేలలో కాక చెట్ల కొమ్మలను పట్టుకొని పెరుగుతాయి. వాటి వేళ్ల చుట్టూ ఉండే తెల్లని మెత్తటి పొర వాన పడినప్పుడు నీటిని పీల్చుకొని, తర్వాత గాలికి ఆరుతుంది. అలా ఆరే అవకాశం లేకపోతే వేరు చచ్చిపోతుంది. అయితే వేళ్లు చచ్చిన మొక్క వెంటనే వాడిపోదు. మందమైన ఆకులలో నిలవ ఉన్న నీటితో అది వారాల తరబడి నెట్టుకొస్తుంది, మామూలుగానే రెండు మూడు నెలలు నిలిచే పూలు ఆ సమయంలో కూడా కళకళలాడుతూ ఉంటాయి. అమ్మకం జరిగేది సరిగ్గా ఈ వ్యవధిలోనే. వేళ్లు ఎప్పుడో పాడైన మొక్కను పూలు చూపించి పూర్తి ధరకు అమ్మడం, వేళ్లు కనబడకుండా రాళ్లు అతికించడం పొరపాటున జరిగే పనులని నేను అనుకోవడం లేదు.

మొక్కను తీసుకొని దుకాణానికి వెళితే, నీళ్లు చాలక వాడిపోయిందనీ, రోజూ ఒక గ్లాసు పోయాలనీ యజమాని సలహా ఇచ్చారు. దానితో పాటు పేరు, మోతాదు ఏదీ సరిగా లేని ఒక టానిక్ సీసాను కొనమన్నారు. మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిచెట్టు పిల్లలమర్రికే సెలైన్ ఎక్కించి బతికించారు కదా, ఇదెంత అని ఆయన వాదన. 2018లో మన పిల్లలమర్రికి సెలైన్ సీసాలతో ఎక్కించినది చెదలను చంపే క్లోరిపైరిఫాస్ మందు తప్ప బలానికి వేసే టానిక్ కాదు. జబ్బు ఏదో తెలుసుకొని దానికి తగిన మందు వేశారు కాబట్టి ఆ చెట్టు నిలిచింది. వేళ్లు లేని మొక్కకు ఎరువు నీళ్లు పోస్తే ఆ లవణాలు మిగిలిన ఒకటి రెండు వేళ్లను కూడా మాడ్చేస్తాయి. కాబట్టి ఈ టానిక్ సీసా రెండో మోసం, మొదటి దానికంటే ప్రమాదకరమైనది.

కొనేటప్పుడు మొహమాటపడకుండా మొక్కను అలంకరణ కుండీలోంచి బయటికి తీయించండి. మంచి మొక్క సాధారణంగా రంధ్రాలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో ఉంటుంది. పక్కనుంచే వేళ్లు కనిపిస్తాయి. తడిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా, ఆరినప్పుడు వెండి బూడిదరంగులో, నొక్కితే గట్టిగా ఉన్న వేళ్లు ఆరోగ్యకరమైనవి. నొక్కితే బోలుగా ఉండి, పైపొర ఊడి లోపలి దారం మాత్రమే మిగిలేవి చచ్చినవి. మొదలు దగ్గర పట్టుకొని మెల్లగా కదిపితే మొక్క గూటం ఊగినట్లు ఊగకూడదు. ఆకుల నడుమ కొత్త ఆకు పుట్టే చోట నలుపు గానీ మెత్తదనం గానీ ఉంటే పూలు ఎన్ని ఉన్నా వదిలేయండి, ఎందుకంటే ఈ మొక్కకు పెరిగే కొన అదొక్కటే. తీసి చూపించడానికి ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే మేలు.

ఇప్పటికే ఇలాంటి మొక్క మీ ఇంటికి వచ్చి ఉంటే పారేయకండి. గట్టి వేళ్లు రెండు మూడు మిగిలినా దాన్ని నిలబెట్టవచ్చు, మాది నిలబడింది. మొక్కను బయటికి తీసి, నాచు ముద్దను నీటిలో నానబెట్టి, వేళ్లు తెగకుండా కొంచెం కొంచెంగా విడదీయాలి. కత్తెరను మంటమీద కాల్చి చల్లార్చి, కుళ్లిన వేళ్లను గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించాలి. కోసిన చోట్ల మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాలి, మంచి వేళ్ల మీద చల్లితే అవి కూడా ఎండిపోతాయి. పూకాడను కోయడానికి చాలామందికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ వేళ్లు లేని మొక్క పూలను మోయలేదు. కాడను కోసి నీళ్లున్న సీసాలో పెట్టుకుంటే పూలు మరికొన్ని రోజులు ఉంటాయి, మొక్క భారం తగ్గుతుంది.

ఒక రోజు నీడలో గాలికి ఆరనిచ్చి, మిగిలిన వేళ్లు పట్టేంత చిన్న రంధ్రాల కుండీలో నాటాలి. నింపడానికి ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు ఏవీ పనికిరావు. దేవదారు వంటి చెట్ల బెరడు ముక్కలు మన దగ్గర సులభంగా దొరకవు కాబట్టి కట్టెబొగ్గు ముక్కలు, పగిలిన గూనపెంకుల ముక్కలు, పలుమార్లు నానబెట్టి కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరి డొక్క ముక్కలు కలిపి వాడవచ్చు. కొత్త వేళ్లు కదలికకు తెగిపోతాయి కాబట్టి మొక్కను చిన్న పుల్లకు కట్టి నిలపాలి.

మన జిల్లాలలో మరింత జాగ్రత్త కావలసినది నీళ్ల విషయంలోనే. బిందెల అంచున తెల్లని పొర కట్టించే బోరు నీళ్లను పోస్తూ పోతే అదే పొర వేళ్ల మీదా పేరుకుంటుంది. వాన నీళ్లు అన్నిటికంటే శ్రేష్ఠం, అవి లేనప్పుడు ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు సరిపోతాయి. రోజూ పోయకుండా, వేళ్లు వెండిరంగుకు తిరిగినప్పుడు ఉదయం పూట నిండుగా పోసి అడుగునుంచి పూర్తిగా కారిపోనివ్వాలి. ఆకుల నడుమ నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్దేయాలి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన ఎండ నేరుగా పడితే ఆకులు కాలిపోతాయి కాబట్టి పడమటి కిటికీకి దూరంగా, వెలుతురు ఉన్న చోట పెట్టాలి. కూలర్ ఉన్న గదిలోని చెమ్మ దానికి మేలే చేస్తుంది, ఆ గాలి సూటిగా తగలకుండా చూస్తే చాలు. ముడతపడిన పాత ఆకులు మళ్లీ మునుపటిలా నున్నగా కావు, వాటిని చూసి నిరాశపడవద్దు. మొదలు దగ్గర ఆకుపచ్చని కొనతో కొత్త వేరు కనిపించినప్పుడే మొక్క కోలుకుంటున్నట్లు లెక్క, ఎరువు కూడా అప్పుడే, అదీ బాగా పలుచన చేసి మొదలుపెట్టాలి. పూలకు తొందరపడవద్దు. బలం పుంజుకున్న మొక్క, రాత్రులు చల్లబడే శీతాకాలంలో కొత్త కాడ వేస్తుంది.

నీలం రంగు ఫెలనాప్సిస్ అని ఎక్కువ ధర చెప్పేది సాధారణంగా తెల్లపూల మొక్క కాడలోకి రంగు ఎక్కించినదే. తర్వాతి పూత తెల్లగానే వస్తుంది, రంగు ఎక్కించిన గాయం నుంచి కుళ్లు పట్టే ప్రమాదమూ ఉంది. పొట్లాలలో ఆర్కిడ్ విత్తనాలు అమ్మేవారి జోలికి అసలే పోకండి, ధూళిలా ఉండే ఆ విత్తనాలు తగిన శిలీంధ్రం తోడు గానీ, ప్రయోగశాలలోని పోషక మాధ్యమం గానీ లేకుండా మొలకెత్తవు.

డబ్బు చెల్లించేటప్పుడు బిల్లు తప్పక అడగండి. నాకు తెల్ల కాగితం మీద మొత్తం రాసి ఇచ్చారు, తర్వాత అది తమ చేతిరాతే కాదన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే మొక్కను కుండీలోంచి ఎత్తి, వేళ్లకు, కుండీ అడుగుకు తేదీ తెలిసేలా ఫోటోలు తీసి ఉంచండి. యూపీఐ ద్వారా చెల్లిస్తే ఆ రుజువూ మిగులుతుంది. దుకాణం వారు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే రెండేళ్ల వరకు గడువు ఉంది, చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలలోపు అయితే రుసుము కట్టనక్కరలేదు.