కుడిచెయ్యి సాయం రాకపోతే కెమెరా ఎట్టా పట్టాలి: తిప్పి పట్టడమా, ఎడమ పిడా, స్టాండా, ఫోనా?

ముందు ఒకటి తేల్చుకోండి, ఎడంచేతి వాటం వేరు, కుడిచెయ్యి పనిచెయ్యకపోవడం వేరు. రెండు చేతులూ బాగుండి ఊరికే ఎడంచేతి వాటం అయితే మాత్రం రూపాయి ఖర్చు పెట్టొద్దు. లెన్సు బరువు మోసేదీ జూమ్ తిప్పేదీ ఎప్పుడూ ఎడంచెయ్యే కదా, కుడిచేతికి మిగిలేది గ్రిప్పు, బటన్, రెండు డయల్సు, అదేం పెద్ద విద్య కాదు.

ఎడంచేతి కెమెరాలే రాలేదా అంటే వచ్చినయ్. 1936లో జర్మనీలో డ్రెస్డెన్ నుంచి వచ్చిన కీనె ఎగ్జాక్టాకి షట్టర్ బటనూ, రీలు తిప్పే లివరూ రెండూ ఎడమపక్కే. ఆ తర్వాత చాన్నాళ్ళకి యాషికా వాళ్ళు సమురాయ్ జెడ్-ఎల్ అని ఎడంచేతి వాళ్ళకోసమే ఒకటి దించారు. రెండూ ఫిల్మ్ కెమెరాలు, అల్మారాలో పెట్టుకుని మురుసుకోడానికి బాగుంటయ్ గానీ రేపు పెళ్ళి తియ్యాలంటే పనికి రావు.

అసలు సంగతి కుడిచేతిలో పట్టు లేనోళ్ళది. మా బావ కావలి పక్కన ఫంక్షన్లు తీస్తాడు, పక్షవాతం వచ్చాక కుడిచేతి వేళ్ళు కదులుతయ్ గానీ బరువు ఆగదు. ఆయనతో కూర్చుని ఇవన్నీ పట్టి చూశాక నాకు అర్థమైంది ఏందంటే, కుడిచెయ్యి చేసే పనులు రెండు, ఒకటి మొయ్యడం, రెండోది నొక్కడం. ఈ రెండూ విడగొడితే సగం కష్టం పోద్ది. ఏ పద్ధతైనా ఆ లెక్కనే చూడండి.

కెమెరాని తలకిందులుగా పట్టడం పైసా ఖర్చు లేని దారి. గ్రిప్పు ఎడమపక్కకి వస్తది, షట్టర్ కిందకి పోయి ఎడమ బొటనవేలికి అందుద్ది. వ్యూఫైండర్లో, అదే కన్ను పెట్టి చూసే కిటికీలో, బొమ్మ మామూలుగానే కనపడుద్ది, ఫోటో మాత్రం చాలా కెమెరాల్లో తలకిందులుగా సేవ్ అయితే తర్వాత తిప్పుకోవాలి, అదేం బాధ కాదు. బాధల్లా ఫ్లాష్. అది గూడా కిందకి పోయి గడ్డం కింద నుంచి వెలుగు కొడతది, పెళ్ళికూతురు దెయ్యం సినిమాలో మాదిరి పడుద్ది. పైగా మోసేదీ నొక్కేదీ రెండూ మళ్ళీ ఒకే చేతి మీద పడినయ్ కదా, పెద్ద లెన్సు పెడితే మణికట్టు పీకుద్ది. పగలు, చిన్న లెన్సు, నాలుగు ఫోటోలు అంటే సరే.

నా ఓటు ఎడమ పిడికి. కెమెరా అడుగున స్టాండు బిగించే మర ఉంటది చూడండి, పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు, దాదాపు అన్ని కెమెరాలకీ అదే. దానికి ఒక అల్యూమినియం పట్టీ బిగించి ఎడమపక్క నిలువుగా పిడి పెట్టి, ఆ పిడి మీద బొటనవేలు ఆనే చోట వైరు రిమోట్, అంటే కెమెరాకి వైరుతో గుచ్చే విడి బటన్, కట్టేస్తే అయిపాయ. ఆన్‌లైన్లో ఫ్లాష్ బ్రాకెట్ అని వెతికితే దొరుకుద్ది, లేదంటే మన నెల్లూరులోనో ఒంగోలులోనో లేత్ మిషన్ షాపులో చూపిస్తే పట్టీ కోసి ఇస్తారు. వైరు రిమోటే ఎందుకంటే సగం నొక్కితే ఫోకస్ పట్టుద్ది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుద్ది, అచ్చం కెమెరా బటన్ మాదిరే, తాళి కట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తది. బరువుకి మెడబెల్టు పొట్టిగా చేసి ఛాతీకి ఆనించుకోవాలి, బావ కుడి అరచెయ్యి ఊరికే కెమెరా కింద ఆనిస్తాడు, అది చాలు. దీంట్లో లోటు జూమ్. పిడి పట్టిన చెయ్యి వదిలితే గానీ రింగు తిరగదు, అందుకే ఆయన జూమ్ లేని 50 ఎంఎం లెన్సుకి మారి కాళ్ళతోనే ముందుకీ వెనక్కీ జరుగుతున్నాడు. సోనీ 16-50 పవర్ జూమ్ లాంటిదైతే లివర్‌తో కదులుద్ది గానీ ఆ లివరూ లెన్సు మీదే, చెయ్యి ఆడికి పోవాల్సిందే.

స్టాండు ఎప్పుడంటే మీరు కదలనప్పుడు. నేలపట్టులో గూడబాతులు గూళ్ళ మీద కూర్చుని ఉంటయ్, పులికాట్‌లో రాజహంసలు దూరంగా నిలబడి ఉంటయ్, ఆడ పెద్ద లెన్సు బరువంతా స్టాండు మోస్తే మీకు రిమోట్ నొక్కడమే పని, పిడి కంటే ఇదే మేలు. అదే స్టాండు రొట్టెల పండగరోజు స్వర్ణాల చెరువు గట్టున విప్పండి చూద్దాం, ఎవరో ఒకరు తట్టుకోకుండా ఉండరు. ఒంటికాలి స్టాండు, అదే మోనోపాడ్, మధ్యరకం. స్క్రీన్ మీద టచ్ షట్టర్ ఆన్ చేస్తే ఎడంచేత్తో పట్టుకుని బొటనవేలితో తాకొచ్చు, రిమోట్ గూడా అక్కర్లా.

ఫోను గురించి చెప్పేదేముంది, తేలిక, వాల్యూమ్ బటన్‌తో ఫోటో పడుద్ది, కొన్నిటికి అరచెయ్యి చూపిస్తే సెల్ఫీ పడుద్ది, నోటితో చెప్పినా తీసేవి ఉన్నయ్. మైపాడు బీచ్‌లో పిల్లల్ని తియ్యడానికి ఇదే హాయి. ఎద్దుల బండలాగుడు పందేల దగ్గర మాత్రం మైకు గోలలో నోటిమాట దానికి వినపడి చావదు, దూరంలో ఉన్న ఎద్దుల్ని జూమ్ చేస్తే ఫోటో గూడా అలికినట్టు ఉంటది.

కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి, కొన్ని చిన్న కెమెరాలకి వైరు రిమోట్ గుచ్చే రంధ్రం ఉండదు, బ్లూటూత్ ఒకటే. పాతది కొంటున్నా సరే, డబ్బులిచ్చే ముందు ఆ రబ్బరు మూత తీసి చూసి, రిమోట్ గుచ్చి ఒకసారి నొక్కి చూడండి.