మత్తుమందు కింద మెదడు: ఏ మోడల్ మేలు?

ఈ రంగంలో ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. అనస్థీషియాను కంప్యూటర్లో మోడల్ చేయాలంటే న్యూరాన్లను (మెదడు కణాలను) విడివిడిగా రాయాలా, వాటి గుంపుల సగటు చూసే మీన్ ఫీల్డ్ సరిపోతుందా, మెదడు భాగాలన్నిటినీ కలిపి చూసే హోల్ బ్రెయిన్ మోడల్‌కే వెళ్లాలా?

నేను ముందు చూసేది మందు మోడల్లో ఎక్కడ దిగుతుందన్నది. ప్రొపొఫాల్ అనే మత్తుమందు గాబా-ఎ రిసెప్టర్ల (గాబా అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల) మీద పనిచేసి, న్యూరాన్లను అణచే కరెంటు ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. ఇది ప్రయోగశాలలో కొలిచిన విషయం. ఆ వ్యవధి మోడల్లో విడిగా ఉంటే దాన్నే పెంచి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) ఎటు మారుతుందో చూడొచ్చు. లేదంటే ఈఈజీకి కుదిరేదాకా ఏదో ఒక అంకె మార్చి, దానికి మత్తు అని పేరు పెట్టుకోవడమే.

న్యూరాన్ నెట్‌వర్కులకు ఇక్కడ పూర్తి మార్కులు. చింగ్, కోపెల్, బ్రౌన్ తదితరులు 2010లో థాలమస్ (మెదడు లోపలి భాగం), కార్టెక్స్ (మెదడు పైపొర) కలిపిన మోడల్లో గాబా ప్రభావం పెంచి, ప్రొపొఫాల్ కింద నుదుటివైపు కనిపించే 10 హెర్ట్జ్ దగ్గరి ఆల్ఫా లయను రాబట్టారు. కానీ ఇందులో తెలియని పరామితులు (మనమే విలువ ఇవ్వాల్సిన అంకెలు) బోలెడు. ఏది తిప్పితే ఏది మారిందో చెప్పడానికే తల ప్రాణం తోకకొస్తుంది.

అందుకే నా ఓటు మీన్ ఫీల్డ్‌కు. గాబా వ్యవధి ఇక్కడా ఉంటుంది, సమీకరణాలు కొన్నే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. స్టెయిన్-రాస్ బృందం 1999లోనే ఇలాంటి మోడల్‌తో, స్పృహ తప్పడం నీరు గడ్డకట్టినట్టు ఒక్కసారిగా జరిగే మార్పు కావచ్చని చూపింది. అలాంటి మార్పులో స్పృహ పోయే మోతాదు, తిరిగొచ్చే మోతాదు వేరవుతాయి. తర్వాత 2010లో ఎలుకలు, ఈగల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఈ తేడా కనిపించింది. మందు మెదడు చేరడంలో ఆలస్యం ఒక్కటే దానికి కారణం కాదని ఆ ప్రయోగాలు చేసినవాళ్ల వాదన.

ఎఫ్ఎంఆర్ఐ (మెదడులో రక్తప్రవాహ మార్పులను చూపే స్కాన్) డేటా చేతిలో ఉంటే హోల్ బ్రెయిన్ పనికొస్తుంది. కానీ వాటిలో చాలావరకు భాగాల మధ్య బంధాన్ని మొత్తంగా పెంచి తగ్గించేవే, రిసెప్టర్ల పటం జోడించినవి తక్కువ.

మీ మందు కెటమిన్ అయితే మాత్రం జాగ్రత్త. అది ప్రధానంగా ఎన్ఎండిఎ రిసెప్టర్లను (న్యూరాన్లను ఉత్తేజపరిచే గ్రాహకాలను) అడ్డుకుంటుంది, ఈఈజీలో గామా (వేగమైన తరంగాలు) పెరుగుతుంది. మామూలు మీన్ ఫీల్డ్‌లో ఎన్ఎండిఎకు విడిగా చోటుండదు, ముందు అది చేర్చుకోవాలి.