లీకయ్యే ట్యాంకు, చిరిగే బ్యాటరీ తొడుగు: రెండేళ్లకు పైగా వాడిన వేప్‌పై నా సమీక్ష

బర్మింగ్‌హామ్‌లో ఉంటూ, సిగరెట్లు మానడానికి ఈ వేప్ (ఈ-సిగరెట్) కొన్నాను. కింద 18650 సెల్ (విడిగా తీసి పెట్టుకునే గుండ్రటి లిథియం బ్యాటరీ) పెట్టుకునే అర, పైన నికోటిన్ ద్రవం పోసి మర తిప్పి బిగించే 2 మి.లీ. ట్యాంకు ఉన్న రకం ఇది. సిగరెట్టు జోలికి మళ్లీ పోలేదు కాబట్టి కొన్న పని నెరవేరింది. ఆవిరి, రుచి బాగానే ఉన్నాయి. నా బాధంతా లీకుతోనూ బ్యాటరీతోనూ.

ద్రవం కారకుండా పట్టి ఉంచేది ట్యాంకు లోపల గాలి పీడనం కాస్త తక్కువగా ఉండటమే. మూత దగ్గరి రబ్బరు రింగు అరిగితే గాలి చొరబడి, ద్రవం కాయిల్ (దాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట) గుండా గాలి రంధ్రాల్లోకి దిగుతుంది. ఇందులో అది నేరుగా ట్యాంకు బిగించే మరలోకి చేరింది. విప్పి చూస్తే మధ్య పిన్ను చుట్టూ తేనె రంగు జిగట. మీట నొక్కితే ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. రింగులు మార్చి, దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిచాక కుదుటపడింది. గ్లిజరిన్ ఎక్కువున్న చిక్కటి ద్రవానికి మారాక కారడం బాగా తగ్గింది. ఇంట్లో పిల్లలుంటే కారింది వెంటనే తుడిచేయండి. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తుడిచే ముందు సెల్ బయటికి తీయాలి. తీసి పెట్టిన ప్రతిసారీ అర పై అంచు దాని తొడుగును గీకుతుంది. 18650లో పైనున్న బొడిపె ఒక్కటే ప్లస్. పై అంచుతో సహా మిగతా లోహపు డబ్బా అంతా మైనస్సే. ఆ అంచు దగ్గర షార్టును ఆపేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దాని కింది చిన్న రింగు మాత్రమే. తొడుగు చిరిగి లోపలి లోహం మెరుస్తూ కనిపించిన రోజే ఆ సెల్‌ను పక్కన పెట్టేశాను. పరికరంలోని రక్షణ సర్క్యూట్ కాయిల్ వైపు షార్టును ఆపుతుంది. సెల్ అంచు దగ్గరే షార్టయితే దానికి తెలియను కూడా తెలియదు. సెల్ కాగిపోయి మంట, విషవాయువులు చిమ్మవచ్చు. కొన్ని పెన్నీల ఖరీదు చేసే ప్లాస్టిక్ పూత అర అంచుకు వేయకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

విడి సెల్‌ను తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేయకండి, ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచండి. విమానంలో వేప్, సెల్స్ చేతి సంచిలోనే ఉండాలి. పైకి వెళ్లాక చుట్టూ ఉన్న గాలి పీడనం తగ్గి ట్యాంకు కారుతుంది కాబట్టి ముందే ఖాళీ చేయండి. భారతదేశంలో మాత్రం 2019 చట్టం ఈ-సిగరెట్ల దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. హైదరాబాద్ వచ్చేటప్పుడు నాది ఇక్కడే వదిలి వస్తాను.

ట్యాంకుకు 5కు 3 ఇస్తాను, బ్యాటరీ అరకు 1. ఈసారి కొనేది ఏదైనా, దుకాణంలోనే అర తెరిపించి అంచును వేలితో తడిమి చూశాకే కొంటాను.