లేటెక్‌లో సొంత కమాండ్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

గణిత పత్రాలు టైప్‌సెట్ చేసే లేటెక్ ఎందుకు వాడతారని అడిగితే ఎవరైనా సమీకరణాలు అందంగా వస్తాయనే చెబుతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం న్యూకమాండ్, అంటే సొంత కమాండ్లు తయారుచేసుకునే వీలు. ఎంఎస్సీ పిల్లలకు లీనియర్ ఆల్జీబ్రా నోట్సు చాలా ఏళ్లుగా ఇందులోనే రాస్తున్నాను. ఫైలు పైన సెట్టింగులుండే ప్రీయాంబుల్‌లో వెక్టర్ల కోసం వెక్ట్ అని ఒక కమాండు పెట్టుకున్నాను. ఇచ్చిన అక్షరాన్ని బోల్డ్ చేస్తుంది, అంతే దాని పని. ఒక ఏడాది పిల్లలు, బోర్డు మీద బాణం గుర్తు వేస్తారు, నోట్సులో బోల్డ్ ఏంటి సార్ అన్నారు. ఆ ఒక్క లైను మార్చి మళ్లీ కంపైల్ చేస్తే నోట్సంతా బాణాలు వచ్చేశాయి. మ్యాట్రిక్సులు కూడా బోల్డ్‌లోనే ఉండేవి కాబట్టి ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అయ్యే పని కాదది. కమాండుకు అర్థాన్ని బట్టి కాకుండా బోల్డ్ అనో ఎరుపు అనో పేరు పెట్టేవాళ్లను చూస్తే అందుకే నాకు చిరాకు.

విసిగించేవీ ఉన్నాయి. కమాండు పేరు తర్వాత ఇచ్చిన స్పేసును లేటెక్ మింగేస్తుంది, పక్క మాట వచ్చి అతుక్కుంటుంది. ఎక్స్‌స్పేస్ అనే అదనపు ప్యాకేజీ తర్వాతి అక్షరాన్ని చూసి స్పేసు వేయాలో వద్దో ఊహిస్తుంది గానీ, ఒక్కోసారి తప్పుతుంది. నాకు కమాండు వెంటనే ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టడమే నయం. కమాండు పేరులో అంకెలూ కుదరవు.

కమాండ్లు పెట్టుకునే ఇంకో దారి డెఫ్, దాని జోలికి మాత్రం వెళ్లకండి. రిలేటివిటీ మీద ఒక ఉమ్మడి పేపర్లో సహరచయిత ఒకాయన కాంతి వేగానికి సి అనే కమాండును డెఫ్‌తో పెట్టాడు. ఆ పేరుతో లేటెక్‌లో ముందే ఒకటుంది, ఫ్రెంచి సి కింద తోక వేయడానికి. న్యూకమాండ్ అయితే ఈ పేరు ఇప్పటికే ఉందని ఎర్రర్ ఇచ్చేది. డెఫ్ కిక్కురుమనకుండా పాతదాన్ని చెరిపేసింది. రిఫరెన్సుల్లో ఫ్రాన్సువా పేరులో తోక ఎగిరిపోయి రెండు సీలు పడ్డాయి, ప్రూఫుల దాకా ఎవరి కంటా పడలేదు. కావాలనే మార్చేవాళ్లకు రిన్యూకమాండ్ ఉండనే ఉంది.

న్యూకమాండ్‌కు తొమ్మిది ఆర్గ్యుమెంట్ల (కమాండుకు అందించే విలువల) దాకా ఇవ్వొచ్చు, అందులో మొదటిదొక్కటే ఆప్షనల్, అంటే ఇవ్వకపోయినా నడిచేది, కాగలదు. అది చాలనివాళ్లకు న్యూడాక్యుమెంట్‌కమాండ్ 2020 అక్టోబరు నుంచి ప్యాకేజీ అక్కర్లేకుండా లేటెక్‌తోనే వస్తోంది. ఆ తొమ్మిదిలో ఎన్నింటినైనా ఆప్షనల్ చేసుకోవచ్చు, పేరు చివర నక్షత్రం గుర్తు పెడితే వేరేగా పనిచేసే స్టార్ రకం కూడా చేసుకోవచ్చు. నేనైతే మూడు ఆర్గ్యుమెంట్లు దాటను. నాలుగోది దేనికో నెల తిరిగేసరికి నాకే గుర్తుండదు.

ఇంగ్లిష్ నోట్సు మధ్యలో తెలుగు మాటలకు జీలేటెక్‌లో (కంప్యూటర్లోని ఫాంట్లను నేరుగా వాడుకోనిచ్చే లేటెక్ రకం) రెండక్షరాల కమాండు ఒకటి వాడుతున్నాను. ఫాంటు మార్చడం దాని పని. మొన్న రామభద్ర తీసి మండలి పెట్టాలనిపించింది, ప్రీయాంబుల్‌లో ఫాంటు పేరు మార్చి టీ తాగడానికి వెళ్లాను.