దాడి జరిగాక లెక్క ఎక్కడ చెప్పాలి? రాజీనామా, అఖిలపక్షం, సభ, కమిటీ: ఏది మేలు?

ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే) దుకాణంలో గుమాస్తాని నేను. ఊరు మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ఉన్నా, రైలెక్కితే తర్వాతి స్టేషన్ బాసరే. రైతుతో తెలుగు, హమాలీతో మరాఠీ, సేటుతో హిందీ. ఏ భాషలో మాట్లాడినా చివరికి రైతు చేతిలో పెట్టేది తక్‌పట్టీ. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, ఏమేం కోతలు అన్నీ అందులో ఉంటాయి. రైతు దాన్ని వెలుతురులో పట్టుకుని ఒక్కో గీతా చదివి, "హమాలీ రెండుసార్లు పట్టినవేంది?" అని అడుగుతాడు. కాగితం ఉంది కాబట్టి అడుగుతాడు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపిన రోజుల్లో యార్డు నిండా బస్తాలే. చనిపోయినవాళ్లలో ఆరుగురు మహారాష్ట్ర వాళ్లు. ఆ వారమంతా టీ కొట్టు దగ్గర ఒకటే వాదన. ఇంత ఘోరం జరిగితే సర్కారు జనానికి ఎట్లా జవాబు చెప్పాలి అని. హమాలీల ముకద్దం, అంటే వాళ్ల పెద్ద, కాకాకు అసలు అనుమానమే లేదు. "ముంబయి దాడప్పుడు ముగ్గురు కుర్సీ దిగిండ్రు. గిప్పుడు ఒక్కడన్న దిగిండా?"

కాకా లెక్క నిజమే. 2008 నవంబర్ 26న మొదలైన ఆ దాడిలో 166 మంది పోయారు. నెలాఖరుకల్లా కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్ దిగిపోయారు. ఆ వెంటే రాష్ట్ర హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్, ముఖ్యమంత్రి విలాస్‌రావు దేశ్‌ముఖ్. శివరాజ్, విలాస్‌రావు ఇద్దరూ మా పక్కనున్న లాతూరు వాళ్లే. తాజ్ హోటల్ చూడటానికి వెళ్తూ వెంట మన రాంగోపాల్ వర్మ కూడా ఉండటంతో విలాస్‌రావుకు పడిన చీవాట్లు తెలుగువాళ్లందరికీ గుర్తే. ఖాళీ అయిన ముఖ్యమంత్రి కుర్చీ మా నాందేడ్ అశోక్ చవాన్‌కు వచ్చింది. మా దుకాణంలో పేడాలు పంచారు, నేనూ రెండు తిన్నాను. ముంబయిలో ఇంకా ఏడుపులు ఆగని రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మరి దిగినవాళ్లు ఎంతకాలం కింద ఉన్నారు? విలాస్‌రావు 2009 మే నెలలో కేంద్రమంత్రి. అదే ఏడాది ఎన్నికలయ్యాక ఆర్.ఆర్. పాటిల్ మళ్లీ అదే హోంశాఖకు మంత్రి. 2010 జనవరికల్లా శివరాజ్ పంజాబ్ గవర్నర్. వాళ్లు దిగినందువల్ల తప్పు ఎక్కడ జరిగిందో మనకు ఒక్క ముక్క తెలియలేదు. రాజీనామా వల్ల కోపం చల్లారుతుంది, అంతే. అలాగని అది శుద్ధ దండగ కూడా కాదు, తలదించుకున్నట్టయినా ఉంటుంది. పహల్గాం తర్వాత అదీ లేదు. దాదాపు మూడు నెలలకు జమ్మూకశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ ఒక పత్రికతో మాట్లాడుతూ అది భద్రతా వైఫల్యమేనని, బాధ్యత తనదేనని అన్నారు. అన్నది పత్రికతో, పార్లమెంటుతో కాదు. కుర్చీ కూడా కదల్లేదు.

ఇక అఖిలపక్షం. ఏప్రిల్ 24న రాజ్‌నాథ్ సింగ్ అధ్యక్షతన జరిగింది. ప్రధాని ఆ రోజు బిహార్ సభలో ఉన్నారు. తలుపులు మూసి మాట్లాడుకోవడం తప్పని నేననను. ఎదురుదాడికి సిద్ధమవుతున్నప్పుడు అన్నీ మైకులో చెప్పలేరు. కెమెరా లేకపోతే అరుపులూ తగ్గుతాయి. కానీ లోపల ఎవరు ఏం ఒప్పుకున్నారో కాగితం బయటికి రాదు. మెట్ల మీద నిలబడి ఒక్కో నాయకుడు చెప్పిన ముక్కలే మనకు దిక్కు, ఆ ముక్కలు ఒకదానితో ఒకటి అతకవు. మే 7న ఆపరేషన్ సిందూర్, మర్నాడు మళ్లీ అఖిలపక్షం. తర్వాత అన్ని పార్టీల వాళ్లతో ఏడు బృందాలు 33 దేశాలకు వెళ్లి మన వాదన చెప్పొచ్చాయి. మంచి పనే. అయితే అన్ని దేశాలకు చెప్పడం అయ్యాకే మన సభ వంతు వచ్చింది.

ప్రత్యేక సమావేశం పెట్టమని ప్రతిపక్షం అడిగినా పెట్టలేదు. వర్షాకాల సమావేశాల్లో, జూలై 28న లోక్‌సభలో చర్చ మొదలైంది. దాడికీ చర్చకూ మధ్య 97 రోజులు. మా లెక్కలో చెప్పాలంటే, దాడప్పుడు యార్డులో మిర్చి, చర్చప్పుడు చేలో మోకాలెత్తు సోయా. 2008లో లోక్‌సభ చర్చకు పట్టింది 15 రోజులే. 1962లో చైనా యుద్ధం ఇంకా నడుస్తుండగానే, వాజపేయి వంటి వాళ్లు అడిగితే, నెహ్రూ నవంబర్ 8న సభను కూర్చోబెట్టారు. వారం రోజుల చర్చలో 165 మంది మాట్లాడారని చెబుతారు. యుద్ధం మధ్యలో కుదిరినది కాల్పులు ఆగాక రెండున్నర నెలలైనా ఎందుకు కుదరలేదో నాకు అర్థం కాదు.

సభలో చర్చకున్న బలం ఒక్కటే: ప్రతి మాటా రికార్డులోకి ఎక్కుతుంది, పదేళ్ల తర్వాత కూడా తీసి అడగొచ్చు. బలహీనతలు మాత్రం చాలా ఉన్నాయి. 16 గంటలు కేటాయించిన ఆ చర్చను దుకాణంలో ఫోన్ పెట్టుకుని చూసినంత మేరకు చూశాను. పహల్గాం ముష్కరులు ముగ్గురిని మట్టుబెట్టామని హోంమంత్రి చెప్పారు, సంతోషం. అంతమంది టూరిస్టులుండే ఆ మైదానంలో కాపలా ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం పాత ప్రభుత్వాల తప్పుల జాబితా కింద నలిగిపోయింది. పైగా వేడిమీద సభ చట్టాలు కూడా చేస్తుంది. పార్లమెంటు మీద దాడి తర్వాత 2002 మార్చి 26న ఉభయ సభలు కలిసి కూర్చుని 425–296 ఓట్లతో పోటా అనే ఉగ్రవాద నిరోధక చట్టం తెచ్చాయి. 2004లో దాన్ని ఎత్తేశారు. 2008లో, ముంబయి దాడి తర్వాత, జాతీయ దర్యాప్తు సంస్థను (ఎన్ఐఏ) పెట్టే చట్టాన్ని రెండు సభలూ రెండు రోజుల్లో దాటించాయి. అది మాత్రం నిలబడింది.

నా ఓటు నాలుగోదానికి, కమిటీకి. "కమిటీ అంటే అటకెక్కించుడే" అని కాకా నవ్వాడు. చాలాసార్లు అంతే. కానీ కార్గిల్ యుద్ధం ముగిసిన మూడో రోజే, 1999 జూలై 29న, రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేశారు. నివేదిక ఆ డిసెంబరులో సిద్ధమై, కొన్ని భాగాలు తీసేశాక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. నిఘాలో ఎక్కడ చిల్లు పడిందో రాతలో ఉంది. అమెరికాలో 9/11 మీద రెండు పార్టీల నుంచి ఐదుగురు చొప్పున పదిమందితో కమిషన్ వేసి, జనం ముందే సాక్షులను కూర్చోబెట్టి అడిగారు. ఆ నివేదిక పుస్తకంగా దుకాణాల్లో అమ్ముడుపోయింది.

ముంబయి దాడి మీద మహారాష్ట్ర కూడా 2008 డిసెంబర్ 30న రిటైరైన అధికారులు రామ్ ప్రధాన్, వి. బాలచంద్రన్‌లతో ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. ఏప్రిల్ కల్లా నివేదిక ఇచ్చారు. తూటాల కొరత వల్ల పోలీసుల క్విక్ రెస్పాన్స్ టీములకు కాల్పుల సాధన కూడా సరిగా జరగలేదన్న సంగతి అలాంటి కాగితం వల్లే బయటపడింది. మంత్రి దిగిపోతే ఇది తెలిసేదా? అయితే రాష్ట్రం వేసిన కమిటీ కాబట్టి ఢిల్లీలోని నిఘా సంస్థలు దాని చేతికి అందలేదు. తూకం రాసి, ధర రాయకుండా ఇచ్చిన తక్‌పట్టీ లాంటిది.

ఆ ధర గడి నింపాల్సింది పార్లమెంటు కమిటీ. ఐబీ, ‘రా’ లాంటి నిఘా సంస్థలను కూర్చోబెట్టి అడిగే కమిటీ మన పార్లమెంటుకు లేదు. బ్రిటన్‌లో 1994 నుంచి చట్టబద్ధంగా ఉంది. రహస్యాలు రహస్యంగానే విని, బయటికి చెప్పదగ్గది రాసిస్తారు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ఇలాంటిదే కావాలని, సర్కారు తరఫున కాకుండా సభ్యుడిగా, ప్రైవేటు బిల్లు పెట్టారు, అది అక్కడే ఆగిపోయింది. నన్నడిగితే మొదటి వారంలో అఖిలపక్షం చాలు. నెల తిరక్కముందే సభలో చర్చ, ఆరునెలల గడువుతో ఢిల్లీ దాకా అడగగలిగే కమిటీ, దాని నివేదిక మీద మళ్లీ చర్చ. రాజీనామా అంటారా, నివేదికలో పేరొచ్చినవాళ్లే చేయాలి.

"కాగితం ఎవడు సదువుతడయ్యా" అని కాకా టీ గ్లాసు బోర్లించి లేచాడు.

ఆ సాయంత్రం దుకాణం కట్టేసే వేళకు తన హమాలీ లెక్క కాగితం పట్టుకుని ఆయనే వచ్చాడు. మంగళవారం మూడు బస్తాలు తక్కువ రాశానట. ఖాతా తీసి చూస్తే నిజంగానే మూడు తక్కువ.