జాక్ రసెల్ కుక్కపిల్లను కొంటున్నారా? పీఎల్‌ఎల్ అనే కంటి జబ్బు డీఎన్‌ఏ రిపోర్టు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

నాలుగున్నరేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఒక బ్రీడర్ దగ్గర 60 వేలు పెట్టి జాక్ రసెల్ టెర్రియర్ పిల్లను కొన్నాం. పేరు బంటి. ఈ ఏప్రిల్‌లో వాడి ఎడమ కన్ను తీసేయాల్సి వచ్చింది. కుడి కంట్లోనూ అదే జబ్బు మొదలైంది. తల్లిదండ్రులకు ముందే ఒక్క పరీక్ష చేయించి ఉంటే వాడికి ఈ గతి పట్టేది కాదు.

కొనేటప్పుడు నేను అడక్కపోలేదు. "అన్నా, తల్లికీ తండ్రికీ అన్ని టెస్టులూ అయినయ్. పేపర్ డాగ్ ఇది, టెన్షన్ వద్దు" అంటూ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ చేతిలో పెట్టాడు. అందులో కేసీఐ (కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్, టీకాల కార్డు, తల్లి పేరు మీద ఒక రక్తపరీక్ష కాగితం ఉన్నాయి. మొన్న కూర్చుని చదివితే ఆ కాగితంలో ఉన్నది హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల లెక్క! కేసీఐ కాగితం సంగతంటారా, అది కుక్క వంశం చెబుతుందంతే.

ఒక ఆదివారం పొద్దున బంటి కన్ను ఎర్రబడి నీళ్లు కారుతోంది. వెలుతురు చూడలేక సోఫా కిందికి దూరాడు. మా కాలనీ డాక్టరుగారు కండ్లకలక అనుకుని చుక్కల మందు రాశారు. ఐదు రోజులు వేశాం. ఆరో రోజు రాత్రి టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు ముందు గుండ్రంగా గాజుబిళ్ల లాంటిది మెరుస్తోంది. అది చోటు జారి ముందుకొచ్చిన లెన్స్. కుక్కల కంటి స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తాం. కంట్లో ప్రెషర్ 58 ఉంది. మామూలుగా 25 దాటకూడదట. అప్పటికే చూపు పోయింది.

దీన్ని ప్రైమరీ లెన్స్ లక్సేషన్, పొట్టిగా పీఎల్‌ఎల్ అంటారు. లెన్స్‌ను చుట్టూ పట్టి ఉంచే సన్నటి పోగులు బలహీనపడి తెగిపోతాయి. ఎక్కువగా 3 నుంచి 8 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మోసమంతా ఇక్కడే ఉంది. కొనే రోజున పిల్ల కళ్లు అద్దాల్లా ఉంటాయి, ఎంత మంచి డాక్టరుకు చూపించినా ఏమీ తేలదు.

తేల్చేది డీఎన్‌ఏ పరీక్షే. ఏడీఏఎంటీఎస్17 అనే జన్యువులోని లోపం దీనికి కారణమని 2010లోనే బయటపడింది. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపిస్తే చాలు. బంటికి చేయిస్తే ఆ జన్యువు రెండు కాపీల్లోనూ లోపం ఉంది. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చాయన్నమాట.

ఆ రిపోర్టు పంపితే బ్రీడర్ అన్న మాట: "టెస్టులని చెప్పి మంచి కుక్కల్ని పక్కన పెడితే నేను బతకొద్దా?" పక్కన పెట్టమని ఎవరన్నారు? లోపం ఒక్క కాపీలోనే ఉన్న కుక్కను క్యారియర్ అంటారు. దాన్ని పూర్తిగా క్లియర్ అయిన, అంటే ఏ కాపీలోనూ లోపం లేని కుక్కతో జత కడితే పిల్లల్లో ఒక్కదానికీ లోపమున్న కాపీలు రెండు రావు. రెండు క్యారియర్లను కలిపితేనే ప్రతి పిల్లకూ నాలుగో వంతు ప్రమాదం. ఈ మాత్రం లెక్కకు అతని వ్యాపారం ఏమీ మునిగిపోదు.

కాబట్టి తల్లిదండ్రులిద్దరి పీఎల్‌ఎల్ రిపోర్టులూ అడగండి. రిపోర్టులో ఉన్న మైక్రోచిప్ నంబరు, స్కానర్ పెడితే కుక్క ఒంట్లో కనిపించే నంబరు ఒకటేనా అని మీ కళ్లతో చూడండి. నడకలో తూలే అటాక్సియాకూ డీఎన్‌ఏ పరీక్ష ఉంది. తెలుపు ఎక్కువున్న పిల్లకు చెవుడు ఉండొచ్చు, వినికిడిని తేల్చే బేర్ పరీక్ష అడగండి. మోకాలి చిప్ప జారుతుందేమో డాక్టరుతో చూపించండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి. మాకు 38వ రోజునే ఇచ్చేశాడు, అప్పుడే అనుమానించాల్సింది.

ఇప్పటికే జాక్ రసెల్ ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోండి. కన్ను ఎర్రబడినా, మసకబారినా అదే రోజు ప్రెషర్ చూపించండి. ఐదు రోజులు చుక్కలు వేస్తూ కూర్చోకండి. బంటి కుడి కంటికి రోజూ కంటిపాపను చిన్నగా ఉంచే మందు వేస్తున్నాం, లెన్స్ ముందుకు జారకుండా.

పోయిన వారం ఒక అమ్మకం ఫొటోలో అదే తల్లి కనిపించింది. కుడి చెవి కొన చిరిగి ఉంటుంది, పోల్చుకోవడం కష్టం కాదు. పక్కన ఐదు పిల్లలు. మా తమ్ముడి నంబరు నుంచి ఫోన్ చేసి టెస్టులు చేయించారా అని అడిగాను.

"అన్నీ అయినయ్ అన్నా, టెన్షన్ వద్దు" అన్నాడు.