వేప్ కోసం విడిగా 18650 బ్యాటరీలు కొంటున్నారా, ముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నాను, కానీ అమెరికాలో ఎక్కడున్నా సంగతి ఇంతే. వేప్ (ఈ-సిగరెట్) షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ విడిగా అమ్మే 18650 సెల్స్ (చార్జ్ చేసుకునే లిథియం-అయాన్ బ్యాటరీలు) మీద పెద్ద కంపెనీ పేరు ఉంది కదా, 20 ఆంప్స్ (అంత కరెంటు ఇవ్వగలదు) అని రాసి ఉంది కదా అని నమ్మి కొనకండి. నాకు అంటగట్టిన జత నకిలీది. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ సరుకు ఆ ఒక్క షాపులోనే లేదు.

నాది రెండు బ్యాటరీలు వేసుకునే రెగ్యులేటెడ్ మోడ్, అంటే లోపల కరెంటును అదుపు చేసే చిప్ ఉన్న వేప్ పరికరం. పాత సెల్స్‌లో చార్జింగ్ నిలవడం లేదని కొత్త జతకి వెళ్తే, కౌంటర్ దగ్గర అబ్బాయి ఒక పేరున్న కంపెనీ ర్యాప్‌తో (సెల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) ఉన్నవి తీసిచ్చి ఇవి ఒరిజినల్, 3000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కెపాసిటీ అంకె), 20 ఆంప్స్, మా దగ్గర ఎక్కువ పోయేవి ఇవే అని చెప్పాడు. ధర కూడా ఒరిజినల్ ధరే, తక్కువేం కాదు. ఇంటికొచ్చి చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించాయి. వంటింట్లో ఉన్న చిన్న డిజిటల్ కాటా మీద పెడితే పాత సెల్ 46 గ్రాములు, కొత్తది 36.

ఇక్కడే దొరికిపోయింది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, కొలత అందరికీ ఒకటే. అంత కెపాసిటీ నిజంగా ఉన్న సెల్ ఏ మంచి కంపెనీదైనా 44 నుంచి 49 గ్రాముల లోపు తూగుతుంది. పది గ్రాములు తగ్గిందంటే లోపల ఉండాల్సింది లేదన్నమాట. కెపాసిటీ కొలిచే చార్జర్ ఉంది కాబట్టి గ్యారేజీలో సిమెంటు నేల మీద పెట్టి, పక్కనే కూర్చుని, ఫుల్ చార్జ్ చేసి ఒక ఆంపు కరెంటు మీద దింపాను. ఒకటి 1200 ఎంఏహెచ్ దగ్గర ఆగింది, రెండోది 1000 కూడా దాటలేదు. ఆ ఒక్క ఆంపుకే చేతికి తెలిసేంత వేడి. 20 ఆంప్స్ అని రాసుకున్న సెల్ ఒక్క ఆంపుకి వేడెక్కితే, మోడ్‌లో వేసి బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి.

షాపుకి తీసుకెళ్లి కాటా మీద తూచి మరీ చూపించాను. బ్యాటరీలకు రిటర్న్ లేదు, మీ మోడ్‌లోనే ప్రాబ్లమ్ ఉండి ఉంటుంది అన్నారు. అసలు మోడ్‌లో వెయ్యనేలేదని చెప్పినా అదే మాట. పైగా కావాలంటే ఇవి తీసుకోండని ఇంకో పేరుతో 4000 ఎంఏహెచ్, 40 ఆంప్స్ అని రాసున్నవి బయటికి తీశారు. ఈ సైజు సెల్‌లో సాధారణంగా కెపాసిటీ పెరిగేకొద్దీ కరెంటు ఇచ్చే సత్తా తగ్గుతుంది, ఆ రెండు అంకెలూ ఒకే ర్యాప్ మీద పక్కపక్కన కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ అని అమ్మేవైతే పచ్చి అబద్ధం, పెద్ద కంపెనీల 18650లు చాలావరకు 3500 దగ్గరే ఆగిపోతాయి. వాడేసిన ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి తీసిన సెల్స్‌కి కొత్త ర్యాప్ తొడిగి అమ్మడం ఈ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉంది. ఆ ప్లాస్టిక్ తొడుగు ఎవరైనా కొనొచ్చు, దాని మీద ఏ పేరైనా అచ్చేయొచ్చు.

"రెగ్యులేటెడ్ మోడ్ కదా, చిప్ చూసుకుంటుందిలే" అనే మాట మన కుర్రాళ్ల నోట చాలాసార్లు విన్నాను. చిప్ షార్ట్ సర్క్యూట్ పసిగడుతుంది, వోల్టేజ్ మరీ పడిపోతే ఆపుతుంది, అంతవరకు నిజం. కానీ లోపల ఉన్న సెల్ ఎన్ని ఆంప్స్ తట్టుకోగలదో దానికి తెలిసే దారి లేదు. లెక్క చూడండి: 80 వాట్స్ పెట్టారు, రెండు సెల్స్, ఒక్కోదాని మీద 40 వాట్స్. సెల్ నిండుగా 4.2 వోల్ట్స్ ఉన్నప్పుడు తొమ్మిదిన్నర ఆంప్స్ లాగుతుంది, వాడేకొద్దీ 3.2కి దిగితే అదే 40 వాట్స్ కోసం పన్నెండున్నర లాగుతుంది, సర్క్యూట్‌లో పోయేది అదనం. అంటే బ్యాటరీ నీరసపడేకొద్దీ దాని మీద బరువు పెరుగుతుంది. అసలు సెల్ దీన్ని మోస్తుంది. లోపల ఏముందో తెలియనిది వేడెక్కుతుంది, ఆ వేడి ఒక హద్దు దాటితే ఇక మనం స్విచ్ ఆపినా ఆగదు, లోపలి రసాయనాలే మరింత వేడిని పుట్టిస్తూ పోతాయి. మెకానికల్ మోడ్ వాడేవాళ్లకైతే చిప్ అన్నదే లేదు, 0.15 ఓమ్స్ కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగ చుట్ట) పెడితే నేరుగా 28 ఆంప్స్. దయచేసి అవి మానేయండి.

ఇది ఊరికే భయపెట్టడానికి రాస్తున్నది కాదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2009 నుంచి 2016 చివరిదాకా వార్తల్లో వచ్చినవి లెక్కేస్తే ఈ-సిగరెట్లు మండిన, పేలిన ఘటనలు 195, గాయపడినవాళ్లు 133 మంది. వాటిలో 62 శాతం జేబులో ఉన్నప్పుడో నోటి దగ్గర ఉన్నప్పుడో జరిగాయి. 2018లో ఫ్లోరిడాలో ఒకాయన, 2019లో ఇక్కడే మన పక్కన ఫోర్ట్‌వర్త్‌లో 24 ఏళ్ల కుర్రాడు వేప్ పేలి చనిపోయారు. ఇరవై నాలుగేళ్లంటే ఇక్కడ ఎంఎస్ చదువుతున్న మన పిల్లల వయసే. చదువు టెన్షన్‌లో మొదలుపెట్టినవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు, అందుకే ఇంత రాస్తున్నాను.

టెస్టింగ్ సంగతి. షాపులో ఏది అడిగినా టెస్టెడ్, సర్టిఫైడ్ అంటారు. దేనికి టెస్టెడ్ అని అడగండి. యూఎన్ 38.3 అనేది రవాణా కోసం పెట్టిన పరీక్ష: విమానంలో ఉండే తక్కువ గాలి ఒత్తిడి, వేడి చలి మార్పులు, కుదుపులు, షార్ట్, నలగడం లాంటివి తట్టుకుని సరుకు సురక్షితంగా చేరుతుందా అన్నదే అందులో చూస్తారు. అది పాసైన సెల్ మీ మోడ్‌లో 20 ఆంప్స్ ఇస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేదు. వేప్ పరికరాల కోసమే ప్రత్యేకంగా ఉన్నది యూఎల్ 8139, యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ పెట్టిన ప్రమాణం. అందులో బ్యాటరీ, చార్జింగ్, కాయిల్‌ని వేడిచేసే సర్క్యూట్ అన్నీ కలిపి చూస్తారు. లిక్విడ్ ఆరోగ్యానికి మంచిదా చెడ్డదా అన్నది దాని పరిధిలో లేదు, కాబట్టి ఆ ముద్ర ఉంటే ఊపిరితిత్తులకు ఫర్వాలేదని అనుకోకండి. డబ్బా మీద యూఎల్ అని అచ్చేసినంత మాత్రాన కూడా ఏమీ కాదు, యూఎల్ వాళ్ల ప్రొడక్ట్ ఐక్యూ డేటాబేస్‌లో ఉచితంగా అకౌంట్ తెరిచి కంపెనీ పేరు, మోడల్ కొట్టి చూడండి. అక్కడ కనపడకపోతే డబ్బా మీద ఉన్నది వట్టి రంగు.

విడి సెల్స్ గురించి ప్రభుత్వం మాట ఇంకా సూటిగా ఉంది. వినియోగదారుల భద్రత చూసే సీపీఎస్‌సీ 2021 జనవరిలోనే విడి 18650 సెల్స్ కొనొద్దు, వాడొద్దు అని హెచ్చరిక ఇచ్చింది. ఇవి ప్యాకుల్లో ప్రొటెక్షన్ సర్క్యూట్‌తో కలిపి వాడటానికి చేసినవి, జేబులో వేసుకు తిరగడానికి కాదు. వీటిని విడిగా వేప్‌లో వాడొద్దని పెద్ద తయారీ కంపెనీలు కూడా చెబుతూనే ఉన్నాయి. అందుకే నేను విడి సెల్స్ మోడ్ పక్కన పెట్టేశాను. పూర్తిగా మానేయగలిగితే అంతకన్నా మంచిది లేదు, ఆ ప్రయత్నంలోనే ఉన్నాను.

ఇంకా వాడుతున్నవాళ్లు కనీసం ర్యాప్ చూసుకోండి. 18650కి కింద మాత్రమే నెగటివ్ అనుకుంటారు, కానీ చుట్టూ ఉన్న ఆ లోహపు డబ్బా మొత్తం నెగటివే, పైన పాజిటివ్ చుట్టూ ఉన్న అంచుతో సహా. మధ్యలో ఉన్నది పల్చటి ప్లాస్టిక్, ఒక చిన్న ఉంగరం లాంటి ఇన్సులేటర్, అంతే. పై అంచు దగ్గర గోరంత చిరిగినా ఆ సెల్ పక్కన పెట్టేయాలి. జేబులో తాళాలు, చిల్లర ఉన్నచోట విడి సెల్ వెయ్యకండి, చిన్న ప్లాస్టిక్ కేసు రెండు మూడు డాలర్లకి వస్తుంది.

ఇండియా వెళ్లేవాళ్లకి ఒక మాట. ఇక్కడ విమానంలో వేప్ చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, వెంట ఉంచుకోవాలి. కానీ ఇండియాలో 2019 చట్టంతో ఈ-సిగరెట్లు, వాటి దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. హైదరాబాద్‌కి అసలు తీసుకెళ్లకండి, తమ్ముడికో బావకో గిఫ్ట్ అని అసలే వద్దు.

ఇలాంటి సరుకు మీకూ తగిలితే షాపులో గొడవపడి ఊరుకోకండి. బిల్లు, ర్యాప్ ఫోటోలు, కాటా మీద బరువు కనిపించే ఫోటో పెట్టి సీపీఎస్‌సీ వాళ్ల సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో రిపోర్ట్ చేయండి, వేప్ పరికరమే వేడెక్కినా మండినా ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు, పొగాకు ఉత్పత్తులు చూసే ప్రభుత్వ సంస్థ) సేఫ్టీ రిపోర్టింగ్ పోర్టల్ ఉంది. నేను రిపోర్ట్ పెట్టేశాను. ఆ సెల్స్‌ని చెత్తబుట్టలో వెయ్యకండి, చెత్త లారీలో నలిగితే అక్కడ మంట వస్తుంది. రెండు చివర్లకీ టేపు వేసి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ డబ్బా ఉన్న హార్డ్‌వేర్ స్టోర్‌లో ఇవ్వండి, అయితే ముందు ఫోటోలు తీసుకున్నాకే.